గోడ మీద వెలుగు ఎక్కడిదాకా

టార్చిలైటు చేతికివ్వగానే "ఎంత దూరం కొడుతుందండీ?" అని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. దూరం కొట్టి ఏం చేస్తారు, ఆకాశంలో కొంగల్ని లెక్కపెడతారా? వెలుగంటే ముందు రంగు చూడాలి. తెల్లగా ఉందండీ అంటారు. ఏ తెలుపు? నీలం కలిసిన తెలుపా, పసుపు కలిసిన తెలుపా, లోపలెక్కడో ఆకుపచ్చ జీర దాచుకున్న తెలుపా? రంగు తేలాక అది గోడ మీద ఎలా పడుతోందో చూడాలి. నడుమ ముద్దగా పడి చుట్టూ చప్పున ఆరిపోతోందా, లేక నడి నుంచి అంచుదాకా మెత్తగా జారుతూ పోతోందా? ఇవి చూడనివాడు టార్చి కొన్నా ఒకటే, అగ్గిపెట్టె కొన్నా ఒకటే.

ఇదంతా నోటిమాట కాదు, ఏళ్ళ తరబడి ఈ పిచ్చిలోనే బతికాను. ఇంత తెలిసినవాణ్ణి, నా సొంత కళ్ళు ఎక్కడిదాకా చూస్తున్నాయో మాత్రం తెలుసుకోలేకపోయాను. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం నాకు శుభ్రంగా కనిపిస్తుంది. భుజాలు కనిపించవు. నీటికాసులు అన్నారు డాక్టరు, గ్లకోమా అంటారట. పోయిన చూపు ఇక రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి అన్నారు. ఆ జబ్బు నా చూపును చుట్టూ కొరుక్కుంటూ వస్తున్న రోజుల్లో నేనేం చేస్తున్నానయ్యా అంటే, టార్చిలు తయారుచేసేవాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నాను. తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎక్కువసార్లు ఏడుపే వస్తుంది.

గుంటూరు శివార్లలో మిరపకాయలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీలో నేను సూపర్‌వైజర్ని. మిర్చి యార్డులో ధర నచ్చని రైతులూ, ధర పెరుగుతుందని చూసే వ్యాపారులూ తమ కాయలను టిక్కీలకెత్తి మా దగ్గర పెడతారు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాం. లోపలి చాంబర్లలో చలి ఎముకలు కొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. బల్బులున్నా, కప్పుదాకా పేర్చిన టిక్కీల సందుల్లోకి వాటి వెలుగు దిగదు. కొనేవాడు వచ్చి శాంపిలు చూపించమంటే, టార్చి పట్టుకుని సందులోకి పోయి, గోతానికి కొక్కెంతో చిన్న కన్నం చేసి, గుప్పెడు కాయలు లాగి అరచేతిలో పెట్టి చూపించాలి. మిరపకాయకు రంగే ప్రాణం కదా.

నేను చేరిన కొత్తలో ఒక రైతు తేజ రకం కాయలను అలాగే చూపించాను. కల్లంలో ముచ్చటగా ఎండిన సరుకు. నా చేతిలో ఉన్నది బజార్లో దొరికే నీలితెలుపు టార్చి. దాని కింద ఆ ఎర్రటి కాయలు ఏడాది నాటి పాతసరుకులాగా నల్లబడి కనిపించాయి. కొనడానికొచ్చినాయన పెదవి విరిచాడు. పక్కనున్న రైతు నా చేతిలోంచి కాయలు లాక్కుని, తలుపు బయట ఎండలోకి పరిగెత్తి, "ఇప్పుడు చూడండయ్యా, ఇప్పుడు చూసి చెప్పండి!" అని గొంతు చించుకుని అరిచాడు. ఎండలో ఆ కాయలు భగ్గుమన్నాయి. కాయ మంచిదే, తప్పంతా వెలుగుది. తప్పు వెలుగుదై ఉండవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. తప్పు ఎప్పుడూ వెలుగుదేనని నమ్మడం మాత్రం తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను.

తెలుపుల్లో తేడా నాకు కొత్త కాదు. మాది పొదిలి దగ్గర పల్లె. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒక్కో చేలో పత్తి ఒక్కో తెలుపు. వానకు తడిసి ఎండింది ఒకటి, పురుగు తిన్నది ఒకటి, మొదటి తీతలో వచ్చింది ఒకటి. మా నాన్న పింజను వేళ్ళతో విడదీసి ఎండకు ఎత్తి చూసి, "ఇది పెళ్ళి పరుపుకు, అది బాలింత దిండుకు" అని పక్కన పెట్టేవాడు. అందుకే మా ఇంట్లో టార్చి పరీక్షకు నేను కాగితం వాడలేదు, దూది వాడాను. నల్లపాడులో మా ఇంటి వెనక కిటికీ లేని చిన్న గది ఒకటుంది. దానికి లోపల సున్నం కొట్టించి, గూట్లో ఒక పింజ దూది, ఒక మంచి తేజ కాయ, పక్కనే ఒక తాలుకాయ పెట్టుకున్నాను. తాలు అంటే రంగు వెలిసి తెల్లబడిన కాయ. దూది మీద వెలుగు వేస్తే ఆకుపచ్చ జీర దొంగలాగా దొరికిపోతుంది. కాయ మీద వేస్తే ఎరుపు నిలబడుతుందో లేదో తేలుతుంది. తాలుకాయ కూడా అందంగా కనిపించిందంటే ఆ టార్చి అబద్ధాలకోరు.

ఇక వెలుగు ఎలా పరుచుకుంటుందో చూడటానికి ఎదుటి గోడ. దానికో పద్ధతి పెట్టుకున్నాను. స్టూలు మీద కూర్చుని, టార్చిని గోడకు తిన్నగా పట్టుకుని, నడుమ పడిన వెలుగుబొట్టునే రెప్ప వేయకుండా చూడాలి. కళ్ళు అటూ ఇటూ కదపకూడదు. కదిపితే మోసపోతాం, వెలుగు ఎక్కడ తగ్గుతోందో కన్ను సర్దుకుని దాచేస్తుంది. అలా నిలబెట్టి చూస్తేనే చుట్టు వెలుగు ఎక్కడిదాకా పాకిందో తెలుస్తుంది. ఆదివారం భోజనాలయ్యాక తలుపు బిడాయించుకుని ఆ గదిలో కూర్చునేవాణ్ణి. "మీ సినిమాహాలు తెరిచారా?" అనేది మా ఆవిడ.

పాపం, మొదట్లో ఆవిడ కూడా వచ్చి కూర్చునేది. ఒకసారి రెండు టార్చిలు పక్కపక్కన వేసి, ఏది బాగుంది చెప్పమన్నాను.

"ఈ పచ్చగా ఉన్నది బాగుందండీ. కిరసనాయిలు దీపంలాగా ఇంటికి కళగా ఉంది" అంది.

"కళేంటి నీ మొహం! దాని కింద తెల్ల చొక్కాకు, మాసిన చొక్కాకు తేడా తెలుస్తుందా? చూడటం రాకపోతే రాదని చెప్పు" అని మొదలుపెట్టాను. దూది చూపించాను, కాయ చూపించాను, తాలు చూపించాను. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చేదాకా వదల్లేదు. తర్వాత ఎప్పుడు ఏది అడిగినా, "మీరు చెప్పిందేనండీ" అనేసి లేచిపోయేది. నేను పాఠం బాగా ఎక్కిందనుకుని సంతోషపడ్డాను.

నా పిచ్చిని అర్థం చేసుకున్నవాడు ఒక్కడే. చీరాలలో నేతచీరల కొట్టు నడుపుతాడు. గుంటూరులో ఒక ఎలక్ట్రికల్ షాపులో దొరికాడు నాకు. నేను వెళ్ళేసరికి జేబులోంచి చీర అంచు ముక్క తీసి, టార్చి కింద పెట్టి, "ఇది నెమలికంఠం రంగండీ బాబూ, మీ లైటు దీన్ని బురద చేసింది" అని షాపువాడితో పోట్లాడుతున్నాడు. కరెంటు పోయినప్పుడు కొట్లో చీరలు చూపించడానికి సరైన వెలుగు కావాలట. అబ్బ, నాలాంటి వెర్రివాడు ఇంకొకడున్నాడని నాకు ఎంత ప్రాణం లేచొచ్చిందో! ఆ పూటే ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నాం. అప్పట్నుంచీ వీలైన ఆదివారమల్లా బస్సెక్కి వచ్చేవాడు. గదిలో ఇద్దరం స్టూళ్ళేసుకుని, దూది మీద వాడి టార్చి, చీర ముక్క మీద నా టార్చి. రంజాన్‌కు మా ఇంట్లో సేమ్యా తాగుతూ కూడా అదే గోల. వాడి భార్యా, మా ఆవిడా వసారాలో కూర్చుని మమ్మల్ని చూసి ఒకటే నవ్వుకునేవాళ్ళు.

వాడు తెచ్చిన టార్చితోనే మొదలైంది. "ఒరేయ్, దీని చుట్టు వెలుగు చూశావంటే ఇక వదలవు. గోడంతా పరుపు పరిచినట్టే" అని ఊరించి తెచ్చాడు. గోడ మీద వేశాను. నడిబొట్టు చుట్టూ పల్చగా రంగుల రింగులు కనిపించాయి, వానకారులో చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు. చుట్టు వెలుగు కూడా సగంలోనే ఆగిపోయింది.

"ఇదేంట్రా, లెన్సులో దోషముంది. రంగులు విరుగుతున్నాయి చూడు" అన్నాను.

వాడు వంగి చూశాడు. "ఏ రంగులురా? నాకేం కనబళ్ళా."

"అంచులైనా కనపడ్డాయా? సగానికే చచ్చింది."

"ఏందిరా అట్టా అంటావ్? ఆ మూలదాకా ఉందిగదా!"

"ఒరేయ్, నీకు కళ్ళు గానీ పోయాయా?"

ఆ మాట నేనే అన్నాను. వాడితో అన్నాను. వాడు నవ్వేశాడు. కానీ నేను వదిలే రకమా? మరుసటి వారం అదే మాట, ఆ తర్వాత ఫోనులో అదే మాట. నమ్మకం కుదరక వాడు ఇంకో టార్చి తెచ్చాడు. దాంట్లోనూ రింగులే, దాంట్లోనూ అంచులు చీకటే. వసారాలో ఆడవాళ్ళు వింటుండగా, "చీరలు అమ్ముకునేవాడివి, నీకు వెలుగు గురించి ఏం తెలుసురా? రంగు తెలియనివాడు కొట్టు మూసుకోవాలి" అన్నాను. వాడి భార్య తలొంచుకుంది. వాడు తెచ్చిన టార్చి నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నాడు.

"సరేలేరా. నీ గోడ, నీ వెలుగు. నువ్వే చూసుకో" అన్నాడు. వాళ్ళు బస్టాండుకు పోతుంటే మా ఆవిడ గేటుదాకా వెళ్ళి ఏదో సర్దిచెప్పబోయింది. నేను గదిలోంచి బయటికి కూడా రాలేదు. తర్వాత వాడు రావడం మానేశాడు. ఫోను చేయడం కూడా మానేశాడు. చేస్తే నేనే చేయాలి, నాకేం పట్టింది చేయడానికి?

ఆ తర్వాత నేను కొన్నవన్నీ దొంగ టార్చిలే. ఒక్కదానికీ చుట్టు వెలుగు లేదు. తెప్పించడం, వెనక్కి పంపడం. "కంపెనీలన్నీ కూడబలుక్కుని ఖర్చు తగ్గించుకుంటున్నాయి. జనానికి దూరం కావాలి, వీళ్ళు దూరమే అమ్ముతున్నారు" అని కోల్డ్ స్టోరేజీలో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. సాయంత్రాలు కనుబొమల మీద బరువుగా నొప్పి వచ్చేది. పగలంతా చలిలో తిరగడం వల్లే అనుకున్నాను. మా ఆవిడ కుర్చీ పక్కన టీ గ్లాసు పెడితే మోచెయ్యి తగిలి ఒలికేది. "ఎవరైనా ఇక్కడ పెడతారా గ్లాసు?" అని విరుచుకుపడేవాణ్ణి. ఆవిడ గుడ్డ తెచ్చి తుడిచేది. మర్నాటి నుంచి గ్లాసు నా చేతికే ఇవ్వడం మొదలుపెట్టింది. స్కూటరు గేటుకు రాసుకుపోతే, గేటు బిగించిన మేస్త్రీని తిట్టాను.

అలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఎందుకో నా పాత టార్చి బయటికి తీశాను. నా దగ్గరున్న వాటన్నిటిలోకీ దాని వెలుగే వెడల్పు. గోడంతా పట్టేసి, పక్క గోడల మీదికి కూడా కాస్త ఎగబాకేది. దాన్ని నా అరచేతిని ఎరిగినట్టు ఎరుగుదును. స్టూలు మీద కూర్చుని గోడ మీద వేసి, నడిబొట్టును రెప్ప వేయకుండా చూశాను. వెలుగు సగంలోనే ఆగిపోయింది. దానిలో బ్యాటరీ సెల్లు తీసి ఫుల్లుగా ఛార్జింగు పెట్టి మళ్ళీ చూశాను. అంతే. అద్దం తుడిచాను. అంతే. కొత్తవైతే కంపెనీని తిట్టవచ్చు, దీన్నేమనాలి? దీనికి ఒకప్పుడు ఉన్న వెలుగును నా కళ్ళతో నేను చూశాను కదా.

అప్పుడు మొదటిసారి కాస్త జంకు పుట్టింది. టార్చిదా, నాదా? ఆ అనుమానం వచ్చిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అంత తెలివైన క్షణం నా బతుకులో మళ్ళీ రాలేదు. మా ఆవిడను కేకేశాను. వసారాలో గోంగూర వలుస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇట్రా, ఇలా కూర్చో. ఆ నడిబొట్టునే చూడు, కళ్ళు కదపకు. నిజం చెప్పాలి. అంచులు చీకటిగా ఉన్నాయా లేదా?"

నేను అడిగింది నిజం కోసమే. ప్రమాణపూర్తిగా నిజం కోసమే. కానీ ఎన్నో ఏళ్ళుగా అడిగిన గొంతుతోనే అడిగాను, ఆ గొంతులో తేడా ఆవిడకెలా తెలుస్తుంది? ఆవిడ గోడ వంక చూసింది. ఒకసారి నా వంక చూసింది. మళ్ళీ గోడ వంక చూసింది.

"అవునండీ. అంచులు చీకటిగానే ఉన్నాయి" అంది.

నా గుండె మీంచి బస్తా దించినట్టయింది. "చూశావా! చెప్పానా! ఆ చీరాలవాడు గుడ్డివాడిలాగా వాదించాడు. పాతదైపోయింది, లోపల ఎల్‌ఈడీ కాలిపోవచ్చింది, అదీ సంగతి" అన్నాను. సంతోషం పట్టలేక ఆవిడ భుజం తట్టి, "ఇన్నాళ్ళకు నీకు చూడటం వచ్చింది" అని మెచ్చుకున్నాను కూడా. ఆవిడ చిన్నగా నవ్వి, గోంగూర దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు కలిగిన అనుమానం అక్కడితో తీరిపోయింది. దాదాపు ఏడాదిపాటు మళ్ళీ రాలేదు.

చివరికి కళ్ళజోడు కోసమే వెళ్ళాను. టిక్కీల మీద రైతుల పేర్లు చదవడం కష్టమవుతుంటే చత్వారం అనుకుని కళ్ళద్దాల షాపుకు పోతే, అక్కడ చూసినతను మొహం అదోలా పెట్టి, "అద్దాల సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు కళ్ళాసుపత్రిలో చూపించుకోండి, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. మా ఆవిణ్ణి తోడు తీసుకుని వెళ్ళాను. డాక్టరుగారు నా కంటి పక్కనుంచి చిన్న పెన్ టార్చి వేసి చూశారు. నేను ఊరుకోవాలా? "ఏమనుకోకండి డాక్టరుగారూ, మీ టార్చిలో ఆకుపచ్చ జీర ఉంది. మంచిది నేను తెచ్చిపెడతాను" అన్నాను. ఆయన నవ్వలేదు.

తర్వాత ఒక చీకటిగదిలో తెల్లటి గిన్నెలాంటి మిషను ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి, నడుమ ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలట, కళ్ళు కదపకూడదట. చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగుచుక్క మెరిస్తే చేతిలో బటను నొక్కాలట. ఓసి, ఇంతేనా? నా జీవితమంతా చేసింది ఇదే కదా! గర్వంగా కూర్చున్నాను. చూపు ఈగ వాలినంత కూడా కదపలేదు. చుక్క మాత్రం ఎప్పుడో ఒకటి వస్తోంది. మిషను గుర్రుమంటోంది, నేను ఎదురుచూస్తున్నాను, ఏమీ రావడం లేదు. పరీక్ష చేస్తున్న అమ్మాయితో, "ఇందులో లైట్లు కొన్ని మాడిపోయినట్టున్నాయి, చూసుకోమ్మా" అన్నాను. "లేదు సార్, అన్నీ వెలుగుతూనే ఉన్నాయి" అంది ఆ పిల్ల చాలా మెల్లగా.

డాక్టరుగారి ముందు నేనూ మా ఆవిడా పక్కపక్కన కూర్చున్నాం. ఆయన నెమ్మదిగానే అడిగారు. "పక్కచూపు తగ్గుతున్నట్టు మీకెప్పుడూ అనిపించలేదా? దీపాల చుట్టూ రంగుల రింగులు కనిపించడం, సాయంత్రాలు తలనొప్పి?"

"రింగులు కనిపించాయండీ, కానీ అది లెన్సు దోషం. అంచులు చీకటవడం కూడా టార్చిలదేనండీ, నా కంటిది కాదు. నేను పరీక్ష చేసి మరీ చూశాను. మా ఆవిడక్కూడా అలాగే కనిపించింది. కావాలంటే అడగండి" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

డాక్టరుగారు ఆవిడ వంక చూశారు. ఆవిడేమంటుందోనని నేనూ తల తిప్పి చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"నాకు గోడంతా కనిపించిందండీ" అంది.

"మరి చీకటిగా ఉందన్నావుగా?"

"మీకట్టా కావాలేమో అనుకున్నా. కాదంటే మళ్ళీ మొదలవుద్దని... చీరాల అన్నయ్యగారినే అన్నన్ని మాటలన్నారు. నేనెంత?" అని, ఇక ఆపుకోలేక, "అల్లా! ఆ ఒక్క మాట చెప్పకపోతిని" అని నుదురు కొట్టుకుంది.

డాక్టరుగారు ఆవిడ ముందుకు మంచినీళ్ళ గ్లాసు జరిపారు. అప్పుడే వచ్చి ఉంటే ఎంత చూపు మిగిలేదని నేనడిగితే, "అది ఇప్పుడెందుకులెండి, ఉన్నది కాపాడుకుందాం" అన్నారు. ఇప్పుడున్న దానికంటే చాలా ఎక్కువే మిగిలేదని ఆయన గొంతును బట్టి నాకు తెలిసిపోయింది. లేజరు చేశారు. పొద్దునా సాయంత్రం చుక్కల మందు వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ.

దాచుకోవడం ఎందుకు, మొదట నాకు ఆవిడ మీద విపరీతమైన కోపం వచ్చింది. ఆటోలో వస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. కాదండీ అని ఒక్క మాట అనడానికేం, నేనేమన్నా కొట్టేవాణ్ణా? ఒక్క మాటకు నా చూపు పోయింది కదా అని లోలోపల కుతకుత ఉడికిపోయాను. ఆవిడ మాత్రం టైముకు చుక్కల మందు తెచ్చి, నా తల వెనక్కి వంచి, వేసి వెళ్ళిపోయేది.

రోజులు గడిచేకొద్దీ ఆ కోపానికి ఆధారం కోసం వెతుక్కున్నాను. ఆవిడ కాదు అన్న సందర్భం, నేను దాన్ని కాదుగానే ఉండనిచ్చిన సందర్భం, ఒక్కటైనా దొరుకుతుందేమోనని. కూరలో ఉప్పు సరిపోయిందంటే కాదని నేనే తేల్చాను. అలమరకు రంగు ఆవిడొకటి చెబితే నేనింకోటి వేయించాను. ఆవిడకు దీపంలాంటి వెలుగు నచ్చితే, నచ్చకూడదని పాలు పొంగిపోయేదాకా పాఠం చెప్పాను. దొరకలేదు. నిజం చెప్పమని అడిగిన ఆ ఒక్క మధ్యాహ్నానికి ముందు, నిజం చెబితే ఏమవుతుందో ఆవిడకు నేనే బాగా నేర్పి పెట్టాను. ఎంత నేర్పరిని నేను! వెలుగులో ఆకుపచ్చ జీర కనిపెట్టేవాణ్ణి, పెళ్ళాం గొంతులో జంకు కనిపెట్టలేదు. నా చూపు పోయినందుకు బాధ ఉంది, లేకేం. కానీ ఎన్నేళ్ళుగా ఆ మనిషి నాతో ఒక్క సొంత మాట మాట్లాడకుండా బతికిందో అని తలుచుకున్నప్పుడు కలిగే బాధ వేరు. దానికి చుక్కల మందు లేదు.

చీరాలకు ఫోను చేయడానికి చాలా రోజులు పట్టింది. వాడు ఎత్తగానే, "ఒరేయ్, గోడ మీద వెలుగు మూలదాకా ఉందిరా. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. సంగతంతా చెప్పాను. వాడు, "తప్పు నాదిరా. నీకు కోపమొస్తే రానీ, ఒకసారి కళ్ళు చూపించుకోరా అనాల్సింది. నా పౌరుషం నేను చూసుకున్నా" అని ఏడ్చాడు. మర్నాడే భార్యను తీసుకుని వచ్చాడు. మేం గదిలోకి వెళ్ళలేదు. వసారాలోనే నలుగురం కూర్చున్నాం. వాడు నాతో ఏ మాటకూ వాదించలేదు, నేను చెప్పిందల్లా అవునవునన్నాడు. అంతకుముందు వాడెప్పుడూ అలా లేడు. వాడు వాదిస్తే బాగుండును అనిపించింది.

చాంబర్లలోకి నన్నిప్పుడు పంపడం లేదు. ఆఫీసుగదిలో కుర్చీ వేశారు. స్కూటరు అమ్మేశాం. సాయంత్రాలు మా ఆవిడతో కలిసి నల్లపాడు స్టేషను వైపు నడుస్తాను. ఆవిడ నా పక్కనే, నాకు కనిపించని చోట నడుస్తుంది. గుంత వస్తే, బండి వస్తే మోచెయ్యి పట్టుకుని కాస్త లాగుతుంది. ఇప్పుడు నాకు రోడ్డు అంచులు ఆవిడ చెబితేనే ఉన్నట్టు. ఇక నుంచి నాకు ఏదున్నా ఉన్నట్టే చెప్పమని, ఏమీ అననని, ఎన్నోసార్లు బతిమాలాను. సరేనండీ అంది, ప్రతిసారీ సరేనండీ అంది.

నిన్న సాయంత్రం స్టేషను రోడ్డులో మిరపకోతల నుంచి ఆటోల్లో దిగుతున్న కూలీలు నాకు ఎదురొచ్చి, ఎందుకో రెండు పాయలుగా విడిపోయి దారిచ్చారు. నాకు మనసు చివుక్కుమంది.

"నేను నడుస్తుంటే తెలిసిపోతోందా?" అని అడిగాను. "చూపు లేనివాడిలాగా ఉన్నానా? నిజం చెప్పు."

"లేదండీ. ఎవరికీ ఏం తెలియట్లేదు" అంది వెంటనే.

"నిజంగానా?"

"నిజమేనండీ. ఎప్పట్లాగే నడుస్తున్నారు."

ఆవిడ ముఖం చూస్తే తెలుస్తుందని రోడ్డు మీద ఆగి, ఒళ్ళంతా అటు తిప్పి చూశాను. నేను తిరిగేలోపే ఆవిడ ముఖం పక్కకు తిప్పేసుకుంది.